ఓక్ ఆకుల ముడుపు

తాల్‌బులాక్‌లో నీరుగంటి పని ఆడమనిషికి దక్కిందంటే మా ఊరికి సమానత్వం వచ్చిందనుకునేరు. మగవాళ్ళు లేకపోవడం వల్ల దక్కింది. పార ఎత్తగలిగిన వాళ్ళంతా మాస్కో వీధుల్లో మంచు ఎత్తడానికి పోయారు. మిగిలిన వాళ్ళలో అసనాలీ తాతకి చెవులు వినపడవు, ఇంకొకాయనకి తాగితే కళ్ళు కనపడవు, ముల్లా సాతిబాల్దీకి నడుము వంగదు. నమాజుకి వంగుతుంది, పారకే వంగదు. ఆ ఏడు వసంతంలో అషర్ జరిగింది. అషర్ అంటే ఊరంతా కలిసి కాలువ పూడిక తీసే రోజు. నీరుగంటి పార ఎవరికివ్వాలన్న మాట రాగానే అందరూ తలలు దించుకొని తమ బూట్లు చూసుకున్నారు. సయ్రాగుల్ ఒక్కతే తలెత్తి నిలబడింది. అంతకుముందు రోజే మెడ పట్టేసి ఆమెకి తల దించడం కుదరలేదు. ఎన్నిక ఏకగ్రీవం.

"ఒక్క ఏడాదికేలే," అన్నారు. ఆ ఏడాది ఇంకా పూర్తి కాలేదు.

సయ్రాగుల్‌ది మా పక్కిల్లు. ఆమె మొగుడు కూడా అందరిలాగే రష్యా పోయాడు, కాకపోతే అందరికన్నా కాస్త ఎక్కువ పోయాడు. అక్కడే ఇంకో సంసారం పెట్టాడు. ఆ కబురు తెలిసినప్పుడు ఆమె ఏడవలేదని ఊరు ఇప్పటికీ తప్పుపడుతుంది. ఏడవడానికి తీరిక ఉండాలి. పగలంతా ఎవరి చేనుకి ఎంతసేపు నీళ్ళు వదలాలో చూసుకునేది, తిట్టాల్సిన వాళ్ళని తిట్టేది, పొద్దు వాలుతుంటే గుమ్మంలో కూర్చొని బుట్టలు అల్లేది. ఆమె బతుకు ఆ బుట్టల మీదే. మా ఊరి వాగు ఒడ్డున పొడుగునా ఏటిపాల చెట్లు ఉంటాయి, ఊరి పేరులో ఉన్న 'తాల్' అవే. ఏటా చలి చివర్లో వాటి నెత్తిన మొలిచిన సన్నటి బెత్తాలు కోసుకొచ్చి, నానబెట్టి, అల్లేది. శరదృతువులో మేమంతా ఇళ్ళకి తాళాలు వేసి అక్రోటు అడవికి కాయ ఏరడానికి పోతాం కదా, ప్రతి వీపు మీదా సయ్రాగుల్ బుట్టే. ప్లాస్టిక్ బకెట్టు అడవిలో రెండు దెబ్బలకి పగులుతుంది. సయ్రాగుల్ బుట్ట పిల్ల పుట్టినప్పుడు కొంటే దాని పెళ్ళిదాకా వస్తుంది.

ఇంతగా తనకి కూడు పెడుతున్న చెట్లని ఆమె రోజూ తిట్టేది. కారణం ఆకులు. అడవి నుంచి తిరిగొచ్చేసరికి ఏటిపాల ఆకులన్నీ వాగులో రాలి ఉండేవి. సయ్రాగుల్ లెక్కలో నీళ్ళలో ఆకు కంట్లో నలుసుతో సమానం. ఇంటింటికీ పోయి జనాన్ని లేపి, దంతెలు పట్టించి, వాగుని తలదువ్వినట్టు దువ్వించేది. ఆమె దువ్వించిన వాగులో రాళ్ళు అద్దాల్లా మెరిసేవి. చూడ్డానికి వచ్చిన పొరుగూరి వాళ్ళు మెచ్చుకునేవాళ్ళు. అందులో చేప లేదని, కప్ప లేదని, ఒక్క పురుగు కూడా లేదని ఎవరికీ తట్టలేదు. శుభ్రంగా ఉన్నచోట అవన్నీ ఎందుకుంటాయి అనుకున్నాం.

ఒకసారి ఊరి మీటింగులో ఆమె లేచి అందరి ముందూ అంది: "ఈ ఏటిపాలలు ఆకు రాల్చి నా ప్రాణం తీస్తున్నాయి. పడ్డ ఆకు పడ్డట్టు ఉంటుందా, ఉండదు. కుళ్ళి ముద్దయి కాలువ మూతులకి అడ్డం పడుద్ది. బడి ముందరి ఓక్ చెట్లని చూడండి. వాటి ఆకు మాత్రం ఎంత మర్యాద. చలికాలమంతా నానినా కుళ్ళదు. దంతె వేసి లాగితే దుప్పటిలా వస్తుంది."

ఆ మీటింగుకి అడవి శాఖ పెద్ద తోప్చుబెక్ కూడా వచ్చి, కుర్చీలో కళ్ళు మూసుకొని ఉన్నాడు. మేము రోడ్డు అడిగినప్పుడు, పొయ్యిలోకి కట్టెల అనుమతి అడిగినప్పుడు, బడికి కిటికీ అద్దాలు అడిగినప్పుడు ఆ కళ్ళు తెరుచుకోలేదు. ఓక్ అన్న మాటకి తెరుచుకున్నాయి.

ఎండాకాలం చివర్లో ఆయన జీపు దిగి వాగు ఒడ్డున నిలబడి, చెట్ల మీదుగా గాల్లో చేత్తో ఒక గీత గీశాడు.

"నీ కోరిక తీరింది, ఎజే," అన్నాడు. ఎజే అంటే అక్క. అధికారి మమ్మల్ని అక్కా అని పిలిచాడంటే ఏదో ఒకటి మా చేతిలోంచి పోబోతోందని అర్థం.

"ఏ కోరిక?" అంది సయ్రాగుల్.

"ఈ చెట్లు నీ ప్రాణం తీస్తున్నాయన్నావు కదా. చలి తగ్గగానే కొట్టించేస్తాం. ఒడ్డు పొడుగునా ఓక్ వేస్తాం. నిటారుగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, ఆకు కూడా పరువుగా ఉంటుంది. నువ్వన్నదే."

"విసుగులో అన్నాను బైకే. విసుగులో మొగుణ్ణి కూడా చావమంటాం. వెంటనే గొయ్యి తవ్వుతారా?" బైకే అంటే అన్న.

"నీ మొగుడి సంగతి నాకు తెలీదు. తాల్‌బులాక్ ప్రజల కోరిక అని నేను పైకి చెప్పేశాను."

"ప్రజలంటే నేనొక్కదాన్నేనా?"

"మీటింగులో నోరు తెరిచింది నువ్వొక్కదానివే కదా."

"మరి నా బుట్టల సంగతి?"

"బకెట్లు వచ్చాయి ఎజే. కాలం మారింది." జీపు తలుపు వేసుకున్నాడు.

తర్వాత తెలిసింది. వేరే ఏదో పథకం కోసం నర్సరీలో ఓక్ మొక్కలు పెంచారట, ఆ పథకం మూలపడిందట, మొక్కలు మిగిలిపోయాయట. ప్రజల కోరికలు ఎక్కడ పుడతాయా అని నాకు చిన్నప్పటి నుంచీ అనుమానం. నర్సరీల్లో పుడతాయి.

ఆ సాయంత్రం సయ్రాగుల్ బుట్ట అల్లలేదు. గుమ్మంలో కూర్చొని, "నా నాలుక కోసి ఈ వాగులో పారేస్తే సరిపోయేది," అంది.

"దాన్నైనా మళ్ళీ నువ్వే దంతె వేసి తీసేదానివి," అన్నాను.

నవ్వలేదు. చెట్లు పోతే తన బతుకు పోతుంది. పోయేది కూడా తన మాట మీదే. అంతకంటే మంట ఇంకేముంటుంది.

ఇంతలో అక్రోట్ల కాలం వచ్చింది. ఊరంతా అడవికెక్కి గుడారాలు వేసుకున్నాం. ఇళ్ళ దగ్గర అసనాలీ తాత ఒక్కడే మిగిలాడు.

పని ముగించుకొని తిరిగొచ్చేసరికి వాగు మొదట్లో, మా ఊట కిందుగా, ఒక వింత కనపడింది. ఆ ఊట మాకు పవిత్రం. పక్కనున్న ముళ్ళపొద నిండా కష్టాలున్న వాళ్ళు కట్టిన గుడ్డపీలికలే. ఆ పొదకి కొంచెం దిగువన ఏటిపాల వేళ్ళకి ఎర్రతాళ్ళతో చిన్న చిన్న వల సంచులు కట్టి నీళ్ళలో వేలాడదీసి ఉన్నాయి. ఒక్కో సంచిలో ఒక్కో రకం ఆకు. ఏటిపాల, అక్రోటు, మల్బరీ, ఓక్. ప్రతి సంచికీ అంకెలు వేసిన బిళ్ళ.

ఊట బాగోగులు చూసేది బురుల్చా అపా. ఊళ్ళో అందరికన్నా పెద్దావిడ, అపా అని పిలిచేది అందుకే. ఆవిడ అసనాలీ తాత చెవిలో అరిచి అడిగింది: "ఎవరు కట్టారు?"

"ఒక పిల్ల," అన్నాడు తాత. "కళ్ళద్దాలు. నా ముందు నిలబడి చాలాసేపు పెదాలు కదిపింది. నేను తలూపాను. ఆమిన్ అన్నాను."

ఇంకేం కావాలి. "ముడుపు," అని తేల్చింది బురుల్చా అపా. "పాపం, ఎంత కష్టంలో ఉందో. గుడ్డ కట్టడం చాలక ఆకు మూటగట్టి నేరుగా నీళ్ళకే ఇచ్చింది. నీళ్ళు ఆకు తినేస్తే మొక్కు తీరినట్టు."

"ఇది ఏ పుస్తకంలో ఉంది అపా?" అన్నాడు ముల్లా సాతిబాల్దీ.

"నువ్వు చదవని పుస్తకంలో," అంది ఆవిడ.

వారం తిరగకుండా ఊట కింద వాగు ముడుపుల సంతయింది. ఉల్లిపాయల వల సంచులు ఇంటింటా ఉన్నవే. కష్టాలూ ఇంటింటా ఉన్నవే. కబురు పాకి కింది ఊళ్ళ నుంచీ, పట్నం నుంచీ కూడా రావడం మొదలెట్టారు. బిళ్ళ మీద అంకెలు ఏం వెయ్యాలో తెలియక తలా ఒకటి వేశారు. ఎక్కువ మంది మాస్కోలో ఉన్న కొడుకు ఫోన్ నెంబరు రాశారు, దేవుడు వేరే వాళ్ళ అబ్బాయి దగ్గరికి పోకుండా. అక్రోట్ల వ్యాపారి ఎర్గెష్ మాత్రం తన పలుకుబడి గట్టిగా ఉండాలని గట్టి ఆకే ఎంచుకున్నాడు. ఓక్ ఆకులు పెళ్ళాం పాత నైలాన్ మేజోడులో కూరి, అందరికన్నా పైన కట్టించాడు. శుక్రవారం ముల్లా సాతిబాల్దీ నీళ్ళకి ఆకులు మొక్కడం ఎంత పెద్ద తప్పో వివరంగా చెప్పాడు. ఆ సమయంలో ఆయన భార్య మల్బరీ ఆకులతో వాగు దగ్గర ఉంది కాబట్టి వినలేకపోయింది.

సయ్రాగుల్ దంతె భుజాన వేసుకొని వచ్చింది. వాగు చూసి ఆగిపోయింది.

"ఏంటి ఈ చెత్త? తియ్యండి అన్నీ."

"ముట్టుకున్నావంటే చూడు," అంది బురుల్చా అపా. "ఒకరు కట్టిన ముడుపు ఇంకొకరు విప్పితే వాళ్ళ కష్టం వీళ్ళ మెడకి చుట్టుకుంటుంది. ఇక్కడున్న కష్టాలన్నీ నీ మెడ మొయ్యగలదా?"

"నా మెడ ముందే పట్టేసింది అపా."

"ముడుపుకి తగిలేలా దంతె వేసినా అంతే. చెబుతున్నా."

చుట్టూ జనం. ఎవరి ముడుపు మీద వాళ్ళ కన్ను. దంతె దింపకుండానే సయ్రాగుల్ వెనక్కి తిరిగింది. మా ఊరి వాగు దువ్వకుండా ఉండిపోవడం అదే మొదటిసారి. ఏటిపాల ఆకులు పడ్డచోట పడ్డట్టు, రాళ్ళ సందుల్లో దొంతర్లుగా నిలిచిపోయాయి. ఆమెకి అన్నం సయించలేదు.

రెండు రోజుల తర్వాత బడి ముందర ఆమె కొంగులో ఏవో ఏరుకుంటుంటే చూశాను. ఓక్ ఆకులు. నన్ను చూసి, "పొయ్యిలోకి," అంది. ఓక్ ఆకుతో పొయ్యి వెలిగించే మనిషి మా వైపు ఇంకా పుట్టలేదు.

మా ఊట నీరు చలికాలంలోనూ గడ్డకట్టదు. పొద్దున్నే బిందెలతో పోయిన ఆడవాళ్ళంతా ముందు సంచులు చూసుకొని, ఆ తర్వాత నీళ్ళు ముంచుకునేవాళ్ళు. మొదట మల్బరీ సంచులు ఖాళీ అయ్యాయి. ఈనెలు మాత్రం సాలెగూడులా మిగిలాయి. బురుల్చా అపా మనవడి భార్య సంచి ఖాళీ అయిన రోజే మాస్కో నుంచి మొగుడు ఫోన్ చేశాడు. డబ్బు పంపడానికి కాదు, పంపమని అడగడానికి. అయితేనేం, ఫోన్ ఫోనే. అక్రోటు ఆకులు మొదట్లో నీళ్ళని నల్లగా చేసి భయపెట్టాయి కానీ, ఆ చేదు కడుక్కుపోయాక అవీ చకచకా కరిగాయి. ఏటిపాల సంచులు నిదానంగా, నమ్మకంగా తగ్గుతూ వచ్చాయి. ఓక్ ముడుపులు మాత్రం కట్టిన రోజు ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి. ఎర్గెష్ మేజోడు సంగతి చెప్పనక్కర్లేదు.

ఒకరోజు నీళ్ళ దగ్గర సయ్రాగుల్ నా చెయ్యి పట్టుకొని పక్కకి లాగింది.

"తప్పు మొక్కాను," అంది.

"ఏమని మొక్కావ్?"

"ఓక్ మొక్కలు మన ఒడ్డుకి రాకూడదు, ఈ ఆకుల్ని తిన్నట్టే వాటినీ తినెయ్యి అని నీళ్ళకి చెప్పాను. నీళ్ళు నోరు పెట్టట్లేదు. చూడు, నిన్న రాలినట్టున్నాయి."

"మార్చెయ్. ఏటిపాల ఆకు వెయ్యి."

"ముడుపు మారుస్తారా ఎవరైనా? దేవుడేమన్నా బజారులో అంగడి పెట్టాడా, సరుకు నచ్చలేదని తిరిగిచ్చి రావడానికి?"

అప్పటి నుంచి ఆమె రోజూ అక్కడే గొంతుక్కూర్చునేది. ఊళ్ళో నీళ్ళ గొడవలు వాయిదా పడ్డాయి. ఇతరుల ముడుపులు తాకకూడదు కానీ, చూడకూడదని ఎవరూ అనలేదు కదా. మల్బరీ, ఏటిపాల సంచుల మీద ఒక మెత్తటి బూజు పట్టడం చూసింది. బూజు పట్టిన ఆకు చుట్టూ గోరంత వంకర పురుగులు, రొయ్యకి చిన్న తమ్ముళ్ళ లాంటివి, గుంపులుగా చేరడం చూసింది. ఇన్నేళ్ళుగా తాను దువ్వించిన వాగులో ఎన్నడూ కనపడని పురుగులు. ఆమె సంచి దగ్గరికి కూడా ఒకటి వచ్చింది. తనిఖీకి వచ్చిన అధికారిలా చుట్టూ తిరిగి, లోపలికి తొంగిచూసి, ఏమీ తినకుండా పోయింది. మా దగ్గరికి వచ్చే అధికారులు అలా ఎప్పుడూ పోలేదు.

చలి విరుగుతుండగా కళ్ళద్దాల పిల్ల తిరిగొచ్చింది. పేరు చోల్పొనాయ్. పట్నంలో చదువుకుంటోంది. వాగు చూసి రాయి మీద కూలబడింది.

"నావి ఏవి?" అంది.

ఆడవాళ్ళు చుట్టూ మూగారు. "నీ మొక్కేంటమ్మా? పిల్లల కోసమా?"

"డిగ్రీ కోసం."

"పాపం, అదీ మొక్కే. తీరుద్దిలే."

"మొక్కు కాదు అపా. పరీక్ష. ఏ ఆకు నీళ్ళలో ఎంత తొందరగా కరిగిపోతుందో చూడాలని కట్టాను. ఆ తాతకి అన్నీ వివరంగా చెప్పానే."

అందరూ అసనాలీ తాత వైపు చూశారు. తాత ఆప్యాయంగా తలూపాడు. ఆమిన్ అన్నాడు.

సయ్రాగుల్ మాత్రం ఆ పిల్ల పక్కన రాయి మీద కూర్చుంది. "ఓక్ ఎందుకు కరగదు? అది చెప్పు ముందు."

చోల్పొనాయ్ నీళ్ళలోంచి తన ఓక్ సంచి పైకి తీసి, ఒక ముక్క తుంచి ఇచ్చింది. "నమిలి చూడండి ఎజే."

సయ్రాగుల్ నమిలి ఉమ్మేసింది. "వగరు. దానిమ్మ తొక్క నమిలినట్టు నాలుక పట్టేసింది."

"ఆ వగరే. తోళ్ళు కుళ్ళకుండా ఓక్ బెరడు నీళ్ళలో నానబెడతారు కదా. ఆకులోనూ అదే ఉంటుంది, పైగా పీచు ఎక్కువ. బూజు తొందరగా పట్టదు. బూజు పట్టి మెత్తబడితేనే పురుగులకి అది వంట అయినట్టు. మల్బరీలో వగరు తక్కువ, బలం ఎక్కువ. చూశారుగా, ముందు దాన్నే తినేశాయి. ఏటిపాల దానికీ దీనికీ మధ్యలో. చలికాలమంతా కొద్దికొద్దిగా పెడుతుంది. పురుగులు ఆకుని తింటాయి, చేపలు పురుగుల్ని తింటాయి."

"మరి ఈ మేజోడులో మల్బరీ వేసినా ఇలాగే ఉండేదా?" అంది బురుల్చా అపా, ఎర్గెష్ ముడుపు చూపించి.

"దాంట్లోకి పురుగు దూరలేదు కదా అపా. చాలా నెమ్మదిగా కరిగేది."

"వాడి ఇంట్లోకీ ఎవర్నీ దూరనివ్వడు," అంది ఆవిడ తృప్తిగా.

సయ్రాగుల్ వాగు వైపు తిరిగింది. "అంటే ఇన్నేళ్ళుగా నేను వాగు నోటికాడ కూడు లాక్కున్నాను. పైగా అందరి చేతా మెచ్చుకోలు," అంది. మళ్ళీ తనే తేరుకొని, "ఇదంతా తోప్చుబెక్‌కి చెబుతావా? ఏటిపాల ఉండాలి, ఓక్ వద్దు అని. నీ దగ్గర స్టాంపు ఉందా?" అంది.

"నేను రెండో సంవత్సరం విద్యార్థిని ఎజే. నాకు స్టాంపు ఎవరిస్తారు? మా సారు దగ్గర ఉంది. ఆయన ఇది చదవడానికి ఒక ఏడాది పడుతుంది."

"చెట్లు కొట్టడానికి ఒక పూట చాలు," అంది సయ్రాగుల్.

ఆ పూట నాలుగు రోజుల్లోనే వచ్చింది. తోప్చుబెక్ జీపు వెనకాల ఒక లారీ, అందులో రంపాలతో పక్క లోయ కూలీలు. ఊరంతా ఒడ్డున చేరింది. సయ్రాగుల్ చెట్లకి అడ్డంగా నిలబడి, నేర్చుకున్నదంతా వరసగా చెప్పింది. వగరు, బూజు, పురుగులు, చేపలు. ఈ ఏడు దువ్వకపోయేసరికి దిగువ మడుగు నుంచి చిన్నచేపలు పైకి ఎక్కి వస్తున్నాయని చెయ్యి పెట్టి చూపించింది కూడా. మొత్తం నిజం. ఒక్క ముక్క పొల్లు లేదు.

తోప్చుబెక్ ఓపిగ్గా విన్నాడు. "అయితే నేను పైకి ఏమని చెప్పాలి ఎజే? ప్రజల కోరిక మారింది, ఇప్పుడు పురుగుల కోరిక నడుస్తోంది అనా?"

కూలీలు నవ్వారు. మా వాళ్ళలో కూడా కొందరు నవ్వారు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, నవ్వారు. సయ్రాగుల్ మొహం మాడిపోయింది.

మేస్త్రి రంపం పట్టుకొని మొదటి చెట్టు దగ్గరికి పోయి, వంగి, ఆగాడు. "ఈ సంచులేంటి?"

"ముడుపులు," అంది బురుల్చా అపా. "చెట్టు వేళ్ళకి కట్టినవి. మా ఊరివీ, కింది ఊళ్ళవీ, పట్నం నుంచి వచ్చిన వాళ్ళవీ. చెట్టు ఎవరు కొడతారో ఇవన్నీ వాళ్ళకే. ఒకరికి కిడ్నీలో రాళ్ళు, ఒకరికి కోర్టు కేసు, ఒకరికి తాగుబోతు అల్లుడు. నీకేది కావాలో చూసుకో నాయనా."

మేస్త్రి రంపాన్ని నెమ్మదిగా, నిద్రపోతున్న పిల్లాణ్ణి దించినట్టు, నేల మీద దించాడు. మిగతా వాళ్ళూ దించారు.

"ఏ కాలంలో ఉన్నార్రా?" అన్నాడు తోప్చుబెక్. "ఇటివ్వండి. నాకు ఇవేమీ పట్టవు." తనే రంపం తీసుకొని చెట్టు మొదట్లో గొంతుక్కూర్చున్నాడు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. ఎదురుగా వేలాడుతున్న సంచి బిళ్ళ మీద ఆయన ఫోన్ నెంబరు ఉంది.

"అదా," అంది బురుల్చా అపా. "ఎవరో పెద్దావిడ, టాక్సీ కట్టించుకొని వచ్చింది. కొడుక్కి ఓష్ పట్నం బదిలీ కావాలంట. మల్బరీ ఆకే వేసింది, తెలివైంది. చూడు, సగం పైనే తీరింది. మిగతా సగం నీ చేతిలో ఉంది."

తోప్చుబెక్ లేచి ప్యాంటు దులుపుకున్నాడు. నేల ఇంకా తడిగా ఉందని, లారీ దిగబడుతుందని, ఈ విషయం మళ్ళీ పరిశీలించాలని అన్నాడు. తర్వాత ఆ శాఖ వాళ్ళు పైకి పంపిన కబురులో తాల్‌బులాక్ ప్రజల కోరిక మేరకు పాత ఏటిపాల చెట్లను సంరక్షించినట్టు ఉందట. ఓక్ మొక్కలు ఇంకో ఊరి ప్రజల కోరిక తీర్చడానికి బయలుదేరాయి.

చెట్లు మిగిలాయి. నాకైతే ఆనందం సగమే కలిగింది. ఒక మనిషి ఎదురునిలిచి నిజం చెబితే నవ్విన నోళ్ళే, శాపం అనగానే మూతపడ్డాయి. ఒక చెట్టు బతకాలంటే దానికి దేవుడి సాయమో, అధికారి తల్లి సాయమో ఉండాలి. రెండూ లేని చెట్లూ మనుషులూ ఈ లోయలో చాలా ఉన్నారు.

పైగా అసలు కథ ఇంకా అవలేదు. అషర్ రోజు సయ్రాగుల్ కొడవలి పట్టుకొని ఏటిపాల దగ్గరికి వచ్చింది. బెత్తాలు కోసే అదను దాటిపోతోంది, మొగ్గలు ఉబ్బుతున్నాయి. పారలు పట్టుకున్న జనమంతా ఆగి చూశారు.

"ఏంటా కొడవలి?" అంది బురుల్చా అపా.

"బెత్తాలకి."

"ఇంకా బెత్తాలేంటే? నీ కళ్ళ ముందే కదా జరిగింది. ఇది ఇప్పుడు మొక్కుల చెట్టు. ఆకు తుంచకూడదు."

సయ్రాగుల్ ఆవిడ మొహంలోకి చూసింది. ఆ చెట్ల కోసమే ఆమె అన్నం మానింది, ఊరి ముందు నవ్వులపాలైంది. ఇప్పుడు చెట్లు దక్కాయి, బుట్టలు పోతున్నాయి.

"నెత్తిన బెత్తాలు కొయ్యకపోతే బరువుకి మొదలు చీలిపోతుంది అపా. గొడ్డలి చేసే పని గాలి చేస్తుంది."

"చీలితే దైవేచ్ఛ. కోస్తే నీ ఖర్మ. ఊరి కష్టాలన్నీ నీ మెడకే."

"పార చేతికిచ్చిన రోజే ఇచ్చారు కదా అవన్నీ," అంది సయ్రాగుల్. "ఎవరి నీళ్ళు తక్కువైనా నా తప్పే, ఎవరి కాలువ తెగినా నా తప్పే. కొత్తవి ఏమన్నా మిగిలాయా? ఉంటే ఇప్పుడే చెప్పండి, కలిపి మోస్తా."

అందరూ తలలు దించుకొని బూట్లు చూసుకున్నారు. ఈసారి ఆమె మెడ బాగానే ఉంది, అయినా దించలేదు. చెట్టెక్కి కోసింది. బెత్తాలు ఒక్కొక్కటీ కింద పడుతుంటే ఊరంతా ఊపిరి బిగబట్టి చూసింది.

మూడో రోజు ఆమెకి జలుబు చేసింది. గొంతు పోయింది, కాస్త జ్వరం కూడా. ఊరు తేలిగ్గా నిట్టూర్చింది. లెక్క సరిపోయింది, ఇంత పెద్ద అపచారానికి ఇంత చిన్న జలుబుతో వదిలేశాడంటే దేవుడు దయామయుడే అనుకున్నారు. మొదట ముల్లా భార్య వేడి పులుసు పట్టుకొచ్చింది. పరామర్శించి, గుమ్మంలో నానుతున్న బెత్తాలు ఓరకంట చూసి, "మా బుట్ట అడుగు ఊడిపోయింది సయ్రాగుల్, శరదృతువుకి ఒకటి కావాలి," అంది. ఆ వెనకే ఇంకొకరు. ఆ వెనకే బురుల్చా అపా.

"నీకూనా అపా?" అంది సయ్రాగుల్, ఉన్న గొంతుతోనే. "మొక్కుల చెట్టుది కదా, ఇంట్లో పెట్టుకుంటావా?"

"కష్టాలు నీకు అంటుకున్నాయి, బుట్టకేమంటుకుంది?" అంది ఆవిడ. "కాస్త పెద్దదే అల్లు."

ఇప్పుడు సయ్రాగుల్ వాగుని దువ్వదు. కాలువ మూతుల దగ్గర మాత్రం ఆకు తీయించి, ఆ ఆకునే మళ్ళీ దిగువ మడుగులో వేయిస్తుంది. బడి ముందరి ఓక్ ఆకులు గాలికి కొట్టుకొచ్చి పడితే తిడుతూ ఏరేస్తుంది. ఆమె ముడుపు ఇంకా ఏటిపాల వేళ్ళ దగ్గర వేలాడుతూనే ఉంది. కోరిక ఎప్పుడో తీరిపోయింది, ఆకుల అంచులు కూడా చెదరలేదు. దీన్ని ఎలా చెప్పుకోవాలో బురుల్చా అపా ఇంతవరకూ తేల్చలేదు. సయ్రాగుల్‌కి తెలుసు, కానీ ఆమెని ఎవరూ అడగరు. బుట్ట ఎప్పటికవుతుందని మాత్రం అడుగుతారు.